స్టేటస్‌లో అందరం క్షేమమే

మా చుట్టపోళ్లలో ఈ మధ్య ఒక సిద్ధాంతం గట్టిపడింది. "ఫోన్లు చేసుడెందుకు, బస్సులెక్కి పోవుడెందుకు? స్టేటస్ చూస్తే అందరి ముచ్చట్లు తెలుస్తనే ఉన్నయి గద!" అని. దీని సృష్టికర్త జనగామలో ఉండే మా బావ. వెంటనే ఆమోదం తెలిపినవాళ్లు భూపాలపల్లిలో సింగరేణికి పోయే మేనల్లుడు, హైదరాబాద్‌లో స్థిరపడ్డ తమ్ముళ్లు, టెక్సాస్‌లో స్థిరపడలేక సతమతమవుతున్న వాళ్ల బామ్మర్దులు. మానుకోటలో ఉండే చిన్నమ్మను మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె దగ్గర అప్పటికింకా బటన్ల ఫోనే ఉండేది. టచ్ లేని ఫోన్ ఉన్నవాళ్లు టచ్‌లో ఉండటం గురించి మాట్లాడటానికి అర్హులు కారని బావ తీర్పు.

బావకు చరిత్ర కూడా తోడ్పడిందని ఒప్పుకోవాలి. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, ఉమ్మడి వరంగల్ ఐదు జిల్లాలైంది. 2019 ఫిబ్రవరిలో ములుగు వేరుపడితే ఆరయ్యాయి. మొదటి ముసాయిదాలో పేరే లేని జనగామ బంద్‌లు చేసి, రోడ్ల మీద కూర్చుని జిల్లా అనిపించుకుంది. భూపాలపల్లికి జయశంకర్ సార్ పేరు పెట్టారు. సార్ పుట్టిన అక్కంపేట ఆ జిల్లాలో లేదు, అది వేరే ముచ్చట. మావాళ్లు ఉన్న ఇల్లు కదలకుండానే మూడు కలెక్టరేట్ల కిందికి పోయారు. ఊళ్ల మధ్య దూరం ఒక్క కిలోమీటరు పెరగలేదు. అయినా "ఇప్పుడు వాళ్లది వేరే జిల్లా" అన్న మాటలో ఏదో వీసా కావాలన్నంత బరువు వచ్చి పడింది. కొత్త జిల్లాలు పడి నాలుగు నెలలు తిరిగాయో లేదో, 2017 ఫిబ్రవరిలో వాట్సాప్‌వాళ్లు స్టేటస్ తెచ్చారు. ఫొటో పెట్టాలి, పాట తగిలించాలి, ఇరవై నాలుగు గంటల్లో అదే మాయమైపోతుంది. మా కుటుంబానికి అంతకన్నా ఏం కావాలి?

పాత రోజుల్లో నీలం రంగు ఇన్‌లాండ్ ఉత్తరం "ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాము" అని మొదలయ్యేది. అదీ అబద్ధమే. మూడో వాక్యంలో బర్రె చచ్చిపోయేది, ఐదో వాక్యంలో బాకీ బయటపడేది, మడతపెట్టే అంచు మీద అడ్డంగా "పైసలు పంపగలరు" అని ఉండేది. కానీ ఎదుటివాళ్ల కోసం సగం వాక్యమైనా ఖర్చుపెట్టేవాళ్లు. స్టేటస్‌లో ఆ సగాన్ని కోసేశారు. అక్కడ మీరెట్ల ఉన్నారన్నది ఎవరికీ పట్టదు. మీరు చూశారా లేదా అన్నదే లెక్క. దానికి కింద కన్ను గుర్తు, పక్కన అంకె. బావ రాత్రి పడుకునే ముందు ఆ జాబితా విప్పి, పటేల్ శిస్తు దస్త్రం చూసినట్టు చూసి, మా అక్కతో పంచాయితీ మొదలుపెడతాడు: "మీ అన్న చూసిండు. చూసి కూడ లైకు కొట్టలే. గంత పొగరా?"

కుటుంబ వార్తల సంగతి చెప్పాలంటే అవి రెండే రకాలు, కేకు, దండ. పెళ్లిరోజుకు బావ వంటింట్లో ఉన్న అక్కకు హాల్లోంచి స్టేటస్‌లో శుభాకాంక్షలు చెబుతాడు. అక్క చూడదు, పొయ్యి మీద పాలుంటాయి. ఎవరైనా పోతే ఓం శాంతి. పొద్దున పుట్టినరోజు, పది గంటలకు చావు, మధ్యాహ్నం సీమంతం ఒకే వరసలో వస్తే వేలు ఆగదు కాబట్టి, పోయినాయనకు మూడు గుండెలు, ఒక బిర్యానీ బొమ్మ కూడా పడుతుంటాయి. ఇక కేకుకూ దండకూ మధ్య మనిషికి ఏం జరిగినా అది స్టేటస్‌కు పనికిరాదు. మోకాళ్ల నొప్పికి ఫొటో ఉండదు. అప్పుకు పాట కుదరదు.

ఒక్కసారి మాత్రం స్టేటస్ మా వంశాన్నంతా నిజంగానే ఫోన్ల మీదికి తెచ్చింది. 2025 దసరా ముందు సింగరేణి లాభాల వాటా ప్రకటించారు. లాభంలో 34 శాతం, 819 కోట్లు, ఒక్కో పర్మినెంటు కార్మికుడికి సగటున 1,95,610 రూపాయలు. మేనల్లుడు ఆ అంకెను బంగారు రంగు అక్షరాల్లో పెట్టి, కింద నల్ల వజ్రాల నేల భూపాలపల్లి అని రాసి, విజిలేసే పాటొకటి తగిలించాడు. పది నిమిషాల్లో ఫోన్లు మొదలయ్యాయి. ఏండ్ల తరబడి గుర్తురాని మేనమామలకు వాడి మీద ప్రేమ పొంగింది. ఒకాయన బిడ్డ ఫీజు చెప్పాడు, ఒకాయన బోరు చెప్పాడు, బావ ఏకంగా ప్లాటు చెప్పాడు. పిల్లగాడు కాంట్రాక్టు కార్మికుడని, కాంట్రాక్టోళ్లకు ఇచ్చింది 5,500 రూపాయలని ఒక్కరికీ తెలియదు. ఇన్నేళ్లుగా వాడి స్టేటస్ రోజూ చూస్తున్నవాళ్లే అందరూ. ఓపెన్‌కాస్టు డంపర్ పక్కన నల్లకళ్లద్దాలతో నిలబడ్డ ఫొటో చూశారు. ఆ డంపర్ దగ్గర వాడికి నెలకెంత వస్తుందని ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు. చెప్పడానికి స్టేటస్‌లో చోటేదీ?

ఇక ప్రయాణాలు. మావాళ్లు ఎక్కడికైనా పోతున్నారంటే అక్కడ ఏమి చూడాలని కాదు, ఎక్కడ నిలబడాలని అడుగుతారు. పాలంపేట రామప్పకు 2021 జూలై 25న యునెస్కో గుర్తింపు వచ్చిన రాత్రి, జీవితంలో గుడి మెట్టెక్కనివాళ్లు కూడా "మా రామప్ప" అని పెట్టారు. అందులో భూపాలపల్లివాళ్లు "మా జిల్లాకు గర్వకారణం" అనీ పెట్టారు. పాలంపేట అప్పటికి రెండేళ్లుగా ములుగు జిల్లాలో ఉంది. మేడారం జాతరది ఇంకో తమాషా. అమ్మవార్లకు నిలువెత్తు బంగారం, అంటే మన బరువుకు తూగే బెల్లం, మొక్కు చెల్లిస్తారు కద. డాక్టరు దగ్గర తూకం యంత్రమెక్కడానికి ఒప్పుకోని బావ, తక్కెట్లో కూర్చున్న ఫొటో పెట్టాడు. పక్క పళ్లెంలో బెల్లం దిమ్మెలు. లెక్కపెట్టిన మా పెద్దన్న ఆ రోజంతా ఉత్సాహంగా ఉన్నాడు.

బావ సొంత జిల్లాలోనే బమ్మెర ఉంది, పోతన పేరుతో ముడిపడ్డ ఊరు. పక్కనే పాలకుర్తి, సోమనాథుడి ఊరు, చాకలి ఐలమ్మ భూమి కోసం నిలబడ్డ ఊరు. జనగామ దాటితే పెంబర్తి, ఇత్తడి మీద సుత్తి దెబ్బతో పువ్వులు పూయించే పనివాళ్ల ఊరు. బావ వీటిలో దేనికీ పోలేదు. బ్యాంకాక్‌లో మాత్రం ఇత్తడి బుద్ధుడి పక్కన నిలబడి, ఇట్లాంటి పనితనం మన దగ్గర ఉండదని పెట్టాడు. అదే సమయానికి పెంబర్తిలో ఎవరో ఒకాయన కొలిమి దగ్గర కూర్చునే ఉంటాడు. ఆయన బావ నంబరు లేనివాడు, కాబట్టి బాధపడి ఉండడు.

మేడిగడ్డ దగ్గరికొచ్చేసరికి స్టేటస్ అసలు సౌకర్యం ఏమిటో నాకు బోధపడింది. భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ మండలంలో 85 గేట్లతో కట్టిన ఆ బ్యారేజీని 2019 జూన్ 21న ప్రారంభించారు. బావ అప్పుడు వ్యాను మాట్లాడుకుని పోయి, గేట్ల ముందు చేతులు చాచి నిలబడి, "ఇంజనీరింగ్ అద్భుతం, చూసి తరించాలె" అన్నాడు. 2023 అక్టోబరు 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. బావ ఉదయానికల్లా "నాకు ఆనాడే అనుమానమొచ్చింది" అని పెట్టాడు. ఘోష్ కమిషన్ సంవత్సరానికి పైగా విచారించి, సాక్షులను పిలిచి, కాగితాలు తవ్వి 2025 జూలై 31న నివేదిక ఇచ్చింది. ఎవరు ఎప్పుడు ఏ కాగితం మీద సంతకం పెట్టారో ఆ కమిషన్ వెతుక్కోగలిగింది. బావ 2019 స్టేటస్‌ను మాత్రం ఏ కమిషనూ తీయలేదు. అది మర్నాటికే ఆవిరైంది. 2025 మేలో, అదే మండలంలోని కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు జరిగితే బావ మూడు మునకలకు మూడు వీడియోలు పెట్టి అన్ని పాపాలూ కడుక్కున్నాడు. మేడిగడ్డ ఫొటో పాపం ముందే పోయింది కాబట్టి ఒక మునక మిగిలే ఉంటుంది.

చిన్నమ్మ కొడుకు ప్రయాణం గురించి చెప్పకపోతే పాపం. 2023 సంక్రాంతికి సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ కొత్తగా మొదలైంది. వరంగల్‌లో ఆగుతుంది, ఖమ్మంలో ఆగుతుంది, నడుమ మానుకోటను కిటికీలోంచి చూపిస్తుంది. వాడు పెండ్లాంపిల్లలతో వైజాగ్ బీచికి పోతూ, స్టేషన్ బోర్డు గీతల్లాగ సాగిపోయిన వీడియో ఒకటి తీసి, "క్రాసింగ్ మానుకోట. మిస్ యూ అమ్మా" అని పెట్టాడు. గుండెలు కుప్పలుగా వచ్చాయి. చిన్నమ్మ ఇల్లు పట్టాలకు అంత దూరమేం కాదు. ఆ రోజు ఆమె కల్లంలో మిర్చి ఆరబోస్తోంది.

మిర్చి కూడా స్టేటసే మావాళ్లకు. ఊరికి వచ్చినప్పుడు ఎర్రటి కల్లం మధ్యలో తెల్ల చొక్కాతో నిలబడితే ఫొటో బాగా వస్తుంది. "మా రెడ్ కార్పెట్" అని రాస్తారు. 2025లో ధర పడిపోయి, పక్క ఆంధ్రా రైతులకు కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలు అని మద్దతు ప్రకటించాల్సి వచ్చిన సీజన్‌లో కూడా ఆ రెడ్ కార్పెట్ మీద నడిచారు. బస్తా ఎంతకు పోయిందని అడిగితే ఫొటో ఎరుపు తగ్గుతుందేమో.

వర్తమాన వ్యవహారాల్లో మావాళ్ల చురుకుదనానికి సాటి లేదు. 2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచవాగు మోరంచపల్లిని ముంచేస్తే జనం ఇళ్ల కప్పులెక్కారు, హెలికాప్టర్లు వచ్చాయి, నలుగురు కొట్టుకుపోయారు. మా మేనల్లుడి బస్తీకి అది దూరమేం కాదు. హైదరాబాద్ తమ్ముళ్లు "స్టే సేఫ్ భూపాలపల్లి" అని రెండు చేతులు జోడించారు. వాడు సేఫ్‌గా ఉన్నాడా అని వాడికే ఫోన్ చేయొచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె, కేసముద్రం నడుమ కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ ఫొటో టెక్సాస్ దాకా తిరిగింది, "మా ఊరు ట్రెండింగ్" అన్న మాటతో సహా. ఆ రెండు రోజులు చిన్నమ్మ ఇంట్లో కరెంటు లేదని మాకు తెలిసింది వారం తర్వాత, పాలాయన నోట. 2025 వానకాలంలో మానుకోట జిల్లా రైతులు యూరియా కోసం తెల్లవారకముందే వరసల్లో నిలబడితే, బావ ఆ వరస వీడియోకు విషాద సంగీతం కలిపాడు. చిన్నమ్మ అదే వీడియోలో ఎడమవైపు ఉంది. బావ గుర్తుపట్టలేదు. కొంగు తల మీదుంది, పైగా ఆయన దృష్టంతా పాట మీద ఉంది.

మే 28 వస్తే ఇంకో రద్దీ. 2010లో అదే రోజు మానుకోట స్టేషన్ దగ్గర జగన్ ఓదార్పు యాత్రను అడ్డుకున్నారు, రాళ్లు పడ్డాయి, కాల్పులు జరిగాయి. జగన్‌ను వంగపల్లిలోనే ఆపేశారు. అప్పుడు సెల్ఫీలు లేవు కాబట్టి ఇప్పుడు అందరూ ఆ రోజు అక్కడే ఉన్నారు. ఏటా పెరుగుతున్న ఈ సంఖ్య చూస్తే ఆ చిన్న స్టేషన్‌లో రాయి ఎత్తడానికి వంగేంత జాగా ఎట్ల దొరికిందో అర్థం కాదు. బావ కూడా ఉన్నాడట. అక్క లెక్క ప్రకారం ఆ రోజు ఆయన హైదరాబాద్‌లో, ఎవరి పెళ్లిలోనో మాంసం వడ్డిస్తున్నాడు.

సినిమాలకు వస్తే, తెర మీద హీరో పేరు పడుతుండగా ఫోన్‌తో తీసిన మసక వీడియో, ఐదుకు మూడున్నర మార్కులు. అంతే, చెప్పడానికేం లేదు. ఒక్క సినిమా తప్ప. 2023 మార్చిలో వేణు యెల్దండి తీసిన "బలగం" వచ్చింది. మా దిక్కు ఊళ్లల్లో తెరలు కట్టి, చాపలేసుకుని చూశారు. తండ్రి చనిపోతే పిట్ట ముట్టదు. ఎందుకంటే ఆయన బిడ్డ, కొడుకులు మాటల్లేకుండా ఉన్నారు. బావబామ్మర్దుల నడుమ ఏండ్ల కిందటి పంచాయితీ, నల్లిబొక్క కోసం. మా బావ ఆ రాత్రి "కండ్లల్ల నీళ్లు ఆగుతలేవు, బంధాలే బలగం" అని పెట్టాడు. మా పెద్దన్న కూడా పెట్టాడు, దాదాపు అవే మాటలు. ఇద్దరికీ గట్టు కాడ జానెడు జాగ మీద లడాయి, ఏండ్లుగా మాటల్లేవు. బావ స్టేటస్ చూసినవాళ్ల జాబితాలో అన్న పేరుంది, అన్న జాబితాలో బావ పేరుంది. ఒకరి కన్నీళ్లు ఒకరు చూశారు. ఎవరూ ఫోనెత్తలేదు. ఆ సినిమా చివర్లో గుండెలు పిండేట్టు పాడిన దుగ్గొండి మొగిలయ్య కిడ్నీ జబ్బుతో 2024 డిసెంబరులో కన్నుమూశాడు. ఆ రోజు కూడా ఇద్దరూ పెట్టారు, ఒకే ఫొటో.

2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు మూడు విడతలుగా వచ్చాయి. ఊళ్లో ఓటుండి పట్నంలో కాపురముండే మావాళ్లంతా అభ్యర్థి పెట్టిన బండ్లలో వచ్చి, సిరా వేలు చూపిస్తూ ఫొటో దిగి, అదే బండ్లలో వెళ్లిపోయారు. వాళ్లలో చిన్నమ్మ కొడుకూ ఉన్నాడు. ఈసారి బండి ఆగింది, వాడు ఇంట్లోకి వచ్చి అరగంట కూర్చున్నాడు. పోతూ పోతూ తన పాత టచ్ ఫోన్‌ను తల్లి చేతిలో పెట్టి, వాట్సాప్ ఎక్కించి, స్టేటస్ ఎట్ల చూడాలో నేర్పాడు. "ఇగ నువ్వు కూడ మాతోనే ఉన్నట్టు" అన్నాడు.

చూడటంతో పాటు పెట్టడం కూడా ఆమె నేర్చుకుంటుందని వాడు అనుకోలేదు. పక్కింటి పదో తరగతి పిల్ల సాయం చేసింది. సంక్రాంతి ముందు ఒక సాయంత్రం చిన్నమ్మ మొదటి స్టేటస్ పడింది. ఫొటో లేదు, నల్లటి తెర, గొంతు ఒక్కటే: "మోకాలు నొస్తంది. పోయినేటి మిర్చి బాకీ ఇంక తీరలె. పండుగకు ఎవలన్న వస్తే ఇంట్ల రెండు మంచాలు ఖాళీగున్నయి."

కుటుంబం అదిరిపడింది. టెక్సాస్‌వాళ్లు బొటనవేలు చూపించారు. మేనల్లుడు ఒక ఏడుపు బొమ్మ పెట్టాడు. కొడుకు చూశాడు గానీ ఏం తోచక ఊరుకున్నాడు. బావ ఒక్కడే, సొంత సిద్ధాంతాన్ని పక్కనపెట్టి, నేరుగా ఫోన్ చేశాడు.

"గదేంది అత్తమ్మా, ఇంటి ముచ్చట్లు గట్ల బజార్ల పెడ్తరా? అందరు చూస్తున్నరు. తీసెయ్ ముందుగాల."

"తీసుడెందుకు అల్లుడా," అంది చిన్నమ్మ, "రేపు గీ యాల్లకు అదే పోతదట గద."