ఆఖరి ఓవరు కాక

గోదావరిఖనిలో గానీ, మంచిర్యాలలో గానీ, కరీంనగర్ మంకమ్మతోటలో గానీ ఐపీఎల్ రోజుల్లో ఏ గల్లీకి పోయినా ఒక ఆఖరి ఓవరు కాక తగులుతాడు. సింగరేణిలో చేసి రిటైరైనవాడైతే ఇక చెప్పనక్కరలేదు. మొదటి పద్దెనిమిది ఓవర్లు ఆయనంత శాంతమూర్తి ఇంకొకడు ఉండడు. పల్లీలు ఒలుచుకుంటూ, మనుమనికి ఫీల్డింగ్ పాఠాలు చెప్తూ, మధ్యమధ్యన కాకిని కూడా పలకరిస్తూ కూర్చుంటాడు. పంతొమ్మిదో ఓవరుకు బంతి ఎవరి చేతికిచ్చారో టీవీలో కనపడగానే పల్లీల గిన్నె పక్కకు జరుగుతుంది.

“మళ్ల గీడేనా!”

గీడంటే ఫలానా బౌలరని కాదు. ఏ ఏటి గీడు ఆ ఏటికి ఉంటాడు. డెక్కన్ చార్జర్స్ కాలంలో ఉన్నాడు, 2013లో సన్‌రైజర్స్ వచ్చాకా ఉన్నాడు. బ్యాటర్ సున్నాకే అవుటైతే “పాపం, పోరనికి ఒంట్ల బాగలేదేమో” అంటాడు కాక. కీపర్ క్యాచ్ వదిలితే లైట్ల తప్పంటాడు. ఆఖరి ఓవర్లు వేసేవాడికి మాత్రం జామీను దొరకదు. గనిలో ముప్పై ఏళ్లు మస్టరు తప్పకుండా పడ్డ మనిషి మరి. పొద్దటి షిఫ్టోళ్లు చెమటోడ్చి తీసినదాన్ని రాత్రి షిఫ్టోడు నాశనం చేస్తే ఎట్లుంటదో మాకు తెలుసంటాడు.

ఆయన గుండెలో ముల్లు 2019 మే 8న దిగింది. విశాఖలో ఢిల్లీతో ఎలిమినేటర్. పద్దెనిమిదో ఓవర్లో రిషభ్ పంత్ చెలరేగితే 22 పరుగులు పోయాయి. ఒక్క బంతి, రెండు వికెట్లు మిగిలుండగా ఢిల్లీ గెలిచింది. మన 162 పరుగులు చాలవని ఎవరైనా అంటే కాక వాళ్లతో మాట్లాడడు.

ఓడితే తిట్టడం లోకంలో అందరూ చేసేదే. కాక గెలిచినా తిడతాడు. 2024 ఏప్రిల్ 9న ముల్లాన్‌పూర్‌లో పంజాబ్‌కు ఆఖరి ఓవర్లో 29 పరుగులు కావాలి, బంతి జయదేవ్ ఉనద్కత్ చేతిలో ఉంది. “ఇగ పండుదం పా” అని కాక లేచి లుంగీ సర్దుకున్నాడు. మొదటి బంతి ఫీల్డర్ చేతికి తగిలి మరీ సిక్సరుకు పోయింది. లుంగీ కొస చేతిలో అట్లాగే ఉండిపోయింది. వైడ్. ఇంకో వైడ్. మళ్లీ ఫీల్డర్ చేతుల్లోంచే ఇంకో సిక్సర్. కాకి వంటింట్లోంచి “ఏమాయె” అంటే జవాబు లేదు. రెండు, రెండు, మరో వైడ్, ఒక క్యాచ్ నేలపాలు, ఆఖరి బంతికి మూడో సిక్సర్. 26 ఇచ్చి 2 పరుగులతో గట్టెక్కాం. గల్లీ అంతా పటాకులు కాలుస్తుంటే కాక తీర్పు చెప్పాడు: “గెలిసిండ్లు, సరే. మూడు వైడ్లంటే మూడు నాగాలు. గీనికి చార్జిషీటు ఇయ్యాలె.”

డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లో బేస్‌బాల్ సంగతి చెప్పాడు. అక్కడ ఆధిక్యం కాపాడటానికే ఆఖర్లో ఒకణ్ని దింపుతారు. వాడు దాన్ని పోగొడితే “బ్లోన్ సేవ్” అని వాడి పేరు పక్కనే లెక్క రాస్తారు. 652 మ్యాచ్‌లు కాపాడిన మరియానో రివేరా అంతటివాడు కూడా 2001 వరల్డ్ సిరీస్ ఏడో ఆటలో చేతికొచ్చిన గెలుపు జారవిడిచాడు, అయినా 2019లో ఒక్క ఓటు పోకుండా అతణ్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు అని ఓదార్పుగా చెప్పుకొచ్చాడు. కాక చెవికి మొదటి సగమే ఎక్కింది. “పేరు పక్కన్నే రాస్తరా? మంచి దేశంరా బిడ్డా అది!”

నా మట్టుకు నేను బౌలర్ పక్షమే. యార్కర్ జానెడు అటైతే ఫుల్‌టాస్, ఇటైతే బ్యాటుకు అందే బంతి. ఉప్పల్‌లో రాత్రి మంచు పడితే చేతిలో బంతి తడి సబ్బే. ఇదంతా ఓపిగ్గా చెప్తే కాక ఒక్క ముక్కలో తేల్చేశాడు: “గందుకే గదా కోట్లిచ్చేది!”

టెస్టులకూ ఈ లొల్లి తప్పలేదు. 2025 ఆగస్టు 3న ఓవల్‌లో మన హైదరాబాదీ సిరాజ్, హ్యారీ బ్రూక్ 19 మీద ఉండగా క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కాడు. బ్రూక్ 111 కొట్టాడు. “మనోడే ముంచె” అని కాక ఆ రాత్రి బువ్వ ముట్టలేదు. తెల్లారి ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, నాలుగు వికెట్లున్నాయి. అదే సిరాజ్ యార్కర్‌తో అట్కిన్‌సన్ వికెట్ లేపేసి, ఇన్నింగ్స్‌లో ఐదో వికెట్ తీసి, 6 పరుగులతో గెలిపించాడు. కాక గల్లీ అందరికీ చాయ్ తాపించాడు. ఆఖరి కప్పు ఇస్తూ అన్నాడు: “గీ యార్కరేదో నిన్ననే ఏస్తే నా బువ్వ నేను తింటుంటి గదా!”

వచ్చే సీజన్‌లో మీ గల్లీ కాక ఇంటికి మ్యాచ్ చూడను తప్పకుండా పోండి. కానీ పంతొమ్మిదో ఓవర్లో పొరపాటున కూడా “గెలుస్తం తియ్ కాకా” అనకండి. ఓడితే చార్జిషీటు మీ పేరు మీదే వస్తుంది.