గాండీవం గారు

అమెరికాలో తెలుగువాళ్ళు నాలుగిళ్ళు కొనుక్కున్న ప్రతి ఊళ్ళోనూ ఒక గాండీవం గారు ఉంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంటుంది గానీ అది పేస్లిప్పు దాటి బయటికి రాదు. డెట్రాయిట్ పక్కన నోవైలో మేమెరిగిన గాండీవం గారు కార్లకి సాఫ్ట్‌వేర్ రాస్తారు, శనివారం నీచు ముట్టరు, జింకల వేటకి మధ్యరకం ధరలో ఒక కాంపౌండ్ విల్లు కొనబోతూ వచ్చారు. ఆ కొనబోవడం రెండో ఏడాదిలో పడింది.

ఈ జబ్బు ఆఫీసులో అంటింది. మిషిగన్‌లో నవంబరు 15న తుపాకీతో జింకల వేట మొదలవుతుంది. ఆ రోజు మీటింగు పెడితే దేశీవాళ్ళు తప్ప ఎవరూ రారు. విల్లు పట్టేవాళ్ళకి అంతకుముందే, అక్టోబరు 1 నుంచే సీజను. "తుపాకీ ఎవడైనా పేలుస్తాడు, విల్లు మన రక్తంలో ఉంది" అన్నారు గాండీవం గారు. ఆయన రక్తానికి అప్పటిదాకా తెలిసిన విల్లు చిన్నప్పుడు తెనాలిలో చీపురుపుల్ల వంచి కట్టిందే. బెజవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు కొట్టింది కాంపౌండ్ విల్లుతోనేనని ఇంట్లో గుర్తుచేశారు. "ఆ అమ్మాయి విల్లు పట్టుకుని సాధన చేసిందండీ, మీలాగా ఎక్సెల్ పట్టుకుని కూర్చోలేదు" అంది ఇల్లాలు.

ఆవిడతో పెట్టుకోకూడదు. "రాముడు లేడి వెనకాల వెళితే పెళ్ళాం పోయింది. పాండురాజు లేడి అనుకుని మునిని కొడితే శాపం తగిలి ప్రాణమే పోయింది. దశరథుడు చప్పుడు విని బాణం వేస్తే ముని బిడ్డ పోయాడు, ఆ పాపానికి తనూ కొడుకు మీద బెంగతో పోయాడు. మన పురాణాల్లో వేటకెళ్ళి బాగుపడ్డవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, నేనే కొనిపెడతా." ఆయన రాత్రంతా ఆలోచించి, పొద్దున్నే కాఫీ దగ్గర "కన్నప్ప!" అన్నారు. "కన్ను పీకి ఇచ్చాక" అందావిడ, గిన్నె తోముతూ.

మధ్యరకం ధర ఆయనకి మతం. ప్రెషర్ కుక్కరైనా, పరుపైనా, పిల్లాడి వయొలినైనా పైనుంచి రెండోదో మూడోదో కొంటారు. అన్నిటికన్నా పైది కొంటే డబ్బు పోయిందని బాధ, అడుగుది కొంటే పరువు పోయిందని బాధ. విల్లుల్లో ఈ మధ్య మెట్టు బాగా విశాలం. మాథ్యూస్, హోయ్ట్ వాళ్ళ పైరకాల్లో ఉత్త విల్లే 1,200 డాలర్లు దాటుతుంది. గురి చూసే సైటు, బాణం ఆనే రెస్టు, పొది, అన్నీ విడిగా కొనాలి. 500 నుంచి 800 డాలర్ల మధ్య బేర్, పీఎస్ఈ, డైమండ్ లాంటి పేర్లతో బోలెడు దొరుకుతాయి. కొన్నిటికి సామానంతా బిగించే ఇస్తారు. పైరకానికి పోసిన డబ్బుకి వచ్చేదేమిటంటే, బాణం వదిలాక చేతిలో అదురు తక్కువ, చప్పుడు తక్కువ, పనితనం నునుపు. జింకని పడగొట్టడానికి మధ్యరకం చాలు. ఇది మాకందరికీ తెలుసు. గాండీవం గారికి మాత్రం ఎక్సెల్‌లో వేసుకున్న నలభై గడుల పట్టిక పూర్తయితే గానీ తెలియదు.

పట్టిక చరిత్రతో మొదలవుతుంది. మిస్సోరీ వాసి హోలెస్ విల్బర్ ఆలెన్ 1966లో పేటెంటుకి దరఖాస్తు పెట్టి 1969లో సంపాదించిన యంత్రం ఈ కాంపౌండ్ విల్లు. కీలకమంతా విల్లు కొమ్మల చివర తిరిగే కప్పీల్లో ఉంది. 60 పౌండ్ల విల్లుని లాగుతుంటే మధ్యలో ఆ బరువంతా భుజానికి తెలుస్తుంది. పూర్తిగా లాగేసరికి, 80 శాతం తగ్గించే రకమైతే, చేతిమీద నిలిచేది 12 పౌండ్లే. చెట్టుచాటు జింక బయటికి అడుగు వేసేదాకా ఆగే వీలు అలా వచ్చింది. ఈ సంగతి గాండీవం గారు సత్యనారాయణ వ్రతాల్లో చెబుతారు, ప్రసాదం పుచ్చుకుంటున్నవాడి మోచెయ్యి పట్టుకుని లాగి చూపిస్తూ.

కానీ ఆయన మనసంతా వేగం గడి మీదే. సెకనుకి 340 అడుగులు అని కంపెనీ రాస్తుంది. మనకి బైకుల కంపెనీవాడు చెప్పే మైలేజీ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. 70 పౌండ్ల బలం, 30 అంగుళాల లాగుడు, 350 గ్రెయిన్ల తేలిక బాణం కుదిరినప్పుడు వచ్చే అంకె అది. లాగుడు అంగుళం తగ్గితే సుమారు పది అడుగులు ఊడతాయి. మరి గాండీవం గారి లాగుడెంత? ఒక ఆదివారం హాల్లో గోడకి వీపు ఆనించి, రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డారు. ఇల్లాలు జాకెట్లు కొలిచే టేపు తెచ్చింది. ఈ మధ్యవేలి కొస నుంచి ఆ మధ్యవేలి కొసకి 67 అంగుళాలు. రెండున్నరతో భాగిస్తే 27కి కాస్త తక్కువ. "మళ్ళీ కొలువు" అన్నారు, ఛాతీ పొంగించి. మళ్ళీ 67. "ఎన్నిసార్లు కొలిచినా అవి మావయ్యగారి చేతులేనండీ" అని టేపు చుట్టేసింది.

ఇక్కడ నా మాట ఒకటి. 20 గజాలంటే 60 అడుగులు. సెకనుకి 300 అడుగులు పోయే బాణానికి పట్టేది సెకనులో ఐదో వంతు. వేగం 320కి పెంచితే కలిసొచ్చేది సెకనులో నూరో వంతు పైచిలుకు. నారి చప్పుడు మాత్రం సెకనుకి 1,100 అడుగులు పోతుంది. ఏ విల్లు కొన్నా జింక ముందు వింటుంది, వినగానే కిందికి కుంగుతుంది. కాబట్టి వేగం సంగతి వదిలేసి చప్పుడు తక్కువున్నది చూసుకోమన్నాను. ఆయన శ్రద్ధగా విని, పట్టికలో 'చప్పుడు' అని నలభై ఒకటో గడి చేర్చారు.

చివరికి స్నేహితులే ఆయన్ని విల్లుల షాపులో దింపారు. కౌంటరు వెనక నెరిసిన గడ్డం పెద్దాయన. గాండీవం గారు 70 పౌండ్లది అడిగి, విల్లుని ఇంటికప్పు కేసి ఎత్తి, పళ్ళు బిగించి, మెడ నరాలు తేల్చి మొత్తానికి లాగారు. పెద్దాయన ఏమీ అనకుండా ఒక స్టూలు జరిపాడు. "కూర్చుని, విల్లు తిన్నగా పట్టి, నెమ్మదిగా లాగు." నారి కదల్లేదు. అడవిలో చలికి గడ్డకట్టుకుని చెట్టుమీద కూర్చున్నాక లాగాల్సింది అలాగే మరి. పెద్దాయన 5 నుంచి 70 పౌండ్లదాకా మార్చుకునే డైమండ్ ఒకటి తీసి, అలెన్ కీతో బోల్టులు తిప్పి, 50 దగ్గర ఆపి చేతిలో పెట్టాడు. బాణం వెళ్ళి బొమ్మ మధ్యలో దిగింది. ఆ సంబరంలో గాండీవం గారు బాణం లేకుండానే ఇంకోసారి నారి లాగి వదలబోతే, పెద్దాయన ఆ వయసులో కౌంటరు దాటి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. బాణం మోసుకుపోవాల్సిన శక్తంతా విల్లులోకే తిరిగొస్తే కొమ్మలు పగిలిపోతాయి.

ఆ విల్లే కొన్నారు. ఆ తరవాత నారి వదలడానికి చేతిమీట, బాణాలు, వేటకి పదును మొనలు, ఫోము బొమ్మ, చెట్టెక్కే సరంజామా, పడిపోకుండా ఒంటికి పట్టీలు, ఆకుల రంగు బట్టలు కొన్నారు. అంతా కలిపితే పైరకం ఉత్త విల్లు ధర దాటిపోయింది. విల్లు మాత్రం మధ్యరకమేనని ఈనాటికీ గర్వంగా చెబుతారు. జింక ముక్కు చురుకని చదివి బట్టలు వాసన లేని సబ్బుతో ఉతికించి గరాజులో ఆరేశారు, అక్టోబరు నెలంతా ఇంట్లో ఇంగువ పోపు నిషేధించారు. ఇల్లాలు చారు పెట్టడం మానలేదు. "ఆ వాసనకి పారిపోతే వాటికే మంచిది."

పారిపోయే అవసరం రాలేదు. సెప్టెంబరు నెలాఖరున లైసెన్సు కొనబోతే సేఫ్టీ సర్టిఫికెట్ అడిగారు. మిషిగన్‌లో 1960 జనవరి 1 నుంచి ఇటు పుట్టినవాళ్ళు వేట భద్రత క్లాసు పాసవ్వాలి, లేదా అనుభవమున్నవాళ్ళ వెంట వెళ్ళే అప్రెంటిస్ లైసెన్సు తీసుకోవాలి. నలభై ఒక్క గడుల్లో ఆ గడి లేదు. ఇంకొకరి వెంట అప్రెంటిస్‌గా వెళ్ళడానికి ఆఫీసులో టీమ్ లీడైన ఆయనకి మనసొప్పలేదు. ఆ సీజను అలా దాటిపోయింది.

మీ ఊరి గాండీవం గారెవరో మీకీపాటికి తట్టే ఉంటుంది. జూన్‌లోనే ఆయన్ని క్లాసులో చేర్పించండి. షాపుకి తీసుకెళ్ళి చేతులు కొలిపించండి, కూర్చోబెట్టి లాగించండి, రెండు మూడు రకాలు వేయించి చేతికి కుదిరినది కొనిపించండి. లాప్‌టాప్ మాత్రం ఇంట్లో పెట్టి రమ్మనండి.