చారు కాచుచోట జలుబు: ఒక చాటువుకు టీకా తాత్పర్యం

అవతారిక

ఈ పద్యకర్త పేరు చెప్పుకోలేదు. కృతి ఎవరికీ అంకితమివ్వలేదు. షష్ఠ్యంతాలు లేవు, గద్య లేదు. అయినా పద్యంలోపలి సాక్ష్యాన్ని బట్టి కొంత ఊహించవచ్చు. చారు కాస్తున్నాడు కనుక మనవాడే. పొగను గొట్టం ద్వారా బయటికి పంపుతున్నాడు కనుక అమెరికాలో అద్దె అపార్ట్‌మెంటు దశ దాటి సొంత ఇల్లు కొనుక్కున్నవాడు. అపార్ట్‌మెంట్లలో పొయ్యి మీద బిగించిన మైక్రోవేవ్ చాలాచోట్ల పొగను పీల్చి, జల్లెడ పట్టి, తిరిగి వండేవాళ్ల మొహానే కొడుతుంది. అక్కడ బయటికి త్రోవే లేదు, కనుక చలికీ త్రోవ లేదు. ఇక ఆ త్రోవన చలి దిగి పద్యం పుట్టేంత బాధ కలిగిందంటే కవి కాపురం చికాగో పక్కన, నేపర్‌విల్‌లోనో అరోరాలోనో అయి ఉండాలి. 2019 జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది, సెల్సియస్‌లో దాదాపు మైనస్ 31. రచనాకాలం ఆ వారమేనని నా మతం. కవి డాలస్ వాస్తవ్యుడని వాదించేవారు 2021 ఫిబ్రవరి చలిని ఎత్తి చూపుతారు. అప్పుడక్కడ లక్షల ఇళ్లలో కరెంటే లేదు, చారు ఎలా కాచాడు? గ్యాసు పొయ్యి ఉందంటారా, ఉండనివ్వండి. ఊరు మారినా అర్థం మారదు.

మూలం

పొయ్యినుండి లేచు పొగను బైటికిఁ బంపు
త్రోవ వెంటఁ జలియుఁ ద్రోసి వచ్చు
రేకు రెక్క పడక రెపరెపలాడిన
చారు కాచుచోట జలుబు పుట్టు!

ప్రతిపదార్థం

పొయ్యినుండి లేచు = నూనె కాగి, ఎండుమిరపకాయ పడి, ఇంగువ తగిలి పైకెగసే; పొగను = తాలింపు ఘాటును; బైటికిన్ పంపు = ఇంటి వెలుపలికి సాగనంపే; త్రోవ వెంటన్ = పొయ్యి మీద పొగ లాగే హుడ్ నుంచి గోడకో పైకప్పుకో పోయే రేకు గొట్టం గుండా; చలియున్ = చలి కూడా; త్రోసి వచ్చున్ = అడగా పెట్టకుండా నెట్టుకొని వస్తుంది; రేకు రెక్క = గాలిని ఒకవైపే పోనిచ్చే పలుచని మూత, వాడుకలో డాంపర్; పడక = మూసుకోక; రెపరెపలాడినన్ = గాలికి టపటపా కొట్టుకుంటే; చారు కాచుచోటన్ = వంటింట్లో, అందునా పొయ్యి ముందరే; జలుబు = పడిశం; పుట్టున్ = కలుగుతుంది.

“రేకు రెక్క పడక” అనేదాన్ని సమాసంగా తీసుకొని, రెక్కలున్న రేకు మంచమని ఒకాయన అర్థం చెప్పాడు. వంటింట్లో మంచమేమిటని ఆయన్ను ఎవరూ అడిగినట్టు లేదు.

తాత్పర్యం

పొగ పోయే దారిలో మూత సరిగా పడకపోతే ఆ దారినే చలి వస్తుంది.

విశేషాలు

“చలియున్” అన్న సముచ్చయంలోనే శాస్త్రమంతా ఉంది. పొగ పోతుంది, చలి కూడా వస్తుంది. రెండింటికీ గొట్టం ఒక్కటే. అయితే “త్రోసి” అన్న క్రియ దగ్గర శంక పుడుతుంది. చలి నిజంగా తోసుకొని వస్తోందా, లేక ఇల్లే దాన్ని లాక్కుంటోందా?

సమాధానం: రెండూను, లాగడం పాలు ఎక్కువ. ఒక ఘనపు మీటరు గాలి 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1.2 కిలోలు తూగుతుంది. మైనస్ 20 దగ్గర దాదాపు 1.4 కిలోలు. ఇంట్లో హీటర్ వేడి చేసిన తేలికగాలి మేడమీదికి ఎక్కి, అటక సందుల్లోంచి, దీపాల చుట్టూ ఉన్న కంతల్లోంచి బయటపడుతుంది. పోయినంత గాలి కింది నుంచి లోపలికి రావాలి. కింది అంతస్తులో ఉన్న పెద్ద కంతల్లో వంటింటి గొట్టం ఒకటి. దీనికి తోడు బట్టలారబెట్టే డ్రయ్యరు, స్నానాలగది ఫ్యాను ఇంట్లో గాలిని బయటికి తోడుతూనే ఉంటాయి. అవి తోడినంతా తిరిగి ఎక్కడి నుంచి రావాలి? పైకప్పుకు నిలువుగా పోయే గొట్టమైతే ఇంకో చిక్కుంది. రాత్రంతా అందులో నిలిచిన గాలి చల్లబడి బరువెక్కి, ఎవరూ లాగకపోయినా తనంతట తానే పొయ్యి మీదికి జారుతుంది. పొద్దున్నే పాలు కాచేవాళ్ల మెడ మీద పడేది ఈ గాలే. ఇక చికాగో చలికాలంలో పడమటి, వాయవ్య గాలులు జోరు. గొట్టం మూతి అటువైపు గోడకుంటే “త్రోసి” అన్న మాటకు వాచ్యార్థమే చెల్లుతుంది. కవిని తప్పుపట్టనక్కర్లేదు.

ఈ కావ్యానికి నాయిక రేకు రెక్క. అమెరికా ఇళ్ల నిర్మాణ నియమావళి కూడా దీన్ని గుర్తించింది. వంటింటి గొట్టం లోహంతో, లోపల నున్నగా, గాలి కారకుండా ఉండాలని, వెనక్కి గాలి రాకుండా డాంపర్ ఉండాలని అందులో రాశారు. సాధారణంగా హుడ్ పైన గొట్టం మొదలయ్యే చోట ఒకటి, బయట గోడ మూతి దగ్గర ఒకటి ఉంటాయి. ఫ్యాను తిరిగితే గాలి తోపుకు తెరుచుకోవాలి, ఆగితే సొంత బరువుకు పడిపోవాలి. చేయాల్సిన పని అంతే. ఆ ఒక్క పనీ చేయనివ్వకపోవడానికి కారణాలు మాత్రం బోలెడు. గారెలు, పూరీలు, చేపల వేపుడు సాగనంపిన నూనె ఆవిరి అంచుల్లో జిగురుగా పేరుకొని రెక్కను సగంలో అంటించేస్తుంది. కందిరీగలు గూడు కడతాయి. గొట్టాన్ని బిగించినవాడు పొడుగు మరలు వాడి ఉంటే వాటి మొనలు లోపలికి పొడుచుకొచ్చి రెక్కకు అడ్డం తగులుతాయి. దారిలో కొట్టుకోకుండా ఫ్యాక్టరీలో రెక్కకు అంటించిన టేపు ముక్కను పీకకుండానే కొన్ని హుడ్‌లు గోడెక్కుతాయి. అప్పుడు చలి రాదు, పొగా పోదు. ఇంటివాళ్లు ఫ్యాను పాడైందనుకొని కొత్త ఫ్యాను కొంటారు.

శంక: గొట్టంలో పాత గుడ్డ కుక్కేస్తే సరిపోదా? ఇది ఆరు నెలలు గడపడానికి విజయవాడ నుంచి వచ్చిన ఒక అత్తగారి మతం. దీనికి అనుయాయులు మెండు. అల్యూమినియం కాగితం చుట్టి కప్పాలనేది ఇందులోనే ఒక శాఖ.

సమాధానం: కూడదు. కుక్కినవారు మరిచిపోతారు, తాలింపు వేసేవారు మరొకరై ఉంటారు. నూనె పీల్చిన గుడ్డకు కింద నిప్పుంటే ఏమవుతుందో వ్యాఖ్యాత చెప్పనక్కర్లేదు. అత్తగారిని ఖండించడం కాదిది, ఆవిడ బాధ నిజమైనదే. ఆవిడ పుట్టింటి వంటింట్లో పొగ పెంకుల సందుల్లోంచి పోయేది, ఆ సందుల్లోంచి మైనస్ 31 ఎన్నడూ దిగలేదు.

శంక: పోనీ, సందులున్న చోటల్లా బట్ట టేపు చుడితే?

సమాధానం: బూడిదరంగు బట్ట టేపును, అంటే డక్ట్ టేపును, 1998లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వారు గొట్టాల అతుకులకు చుట్టి, వేడికీ చలికీ గురిచేసి పరీక్షించారు. అది దారుణంగా ఊడిపోయింది. ఇంగ్లిషులో దాని పేరులోనే గాలిగొట్టం ఉందన్న సంగతి ఇక్కడ చిన్న విడ్డూరం. వాడవలసింది వేడిని ఓర్చే రేకు టేపు.

అసలు చలి గొట్టంలోంచే వస్తోందని ముందు తేల్చుకోవాలి. చాలాసార్లు అది గొట్టం లోపల కాక గొట్టం చుట్టూ, గోడకు కొట్టిన కంత సరిగా పూడ్చని చోట, అల్మరా వెనకనుంచి వస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన రెక్క బిగించినా పద్యం అలాగే మిగులుతుంది. నిర్ణయానికి ప్రమాణం అగరుబత్తి. ఫ్యాను ఆపి, పొయ్యి ఆర్పి, వెలిగించిన బత్తిని హుడ్ జాలీ కింద ఒకసారి, అల్మరా అంచుల దగ్గర ఒకసారి పట్టుకోండి. పొగ ఎక్కడ వంగితే దోషం అక్కడ. గాలి లీకులు వెతికే అమెరికా పనివాళ్లు కూడా ఇలా పొగనే వాడతారు. దేవుడి గూటిలోంచి తెచ్చుకున్నామన్న గర్వం మాత్రం మనది.

దోషం గొట్టంలోనే ఉంటే, రెక్క కడిగినా ఆగకపోతే, గొట్టం మధ్యలో స్ప్రింగు డాంపర్ పెట్టించాలి. రెండు అర్ధచంద్రాకారపు రేకులు, నడుమ సన్నని స్ప్రింగు. గాలి ఆగగానే అదే మూసేస్తుంది. నిలువు గొట్టాలకు ఇదే మేలు. ఇంటి వెచ్చదనం ముగిసే చోట, బయటి గోడకు దగ్గరగా ఉండాలి. హుడ్ దగ్గర మాత్రమే ఉంటే గొట్టమంతా లోపల చల్లబడి, చెమర్చి, బొట్లు బొట్లుగా నీళ్లు కారుతుంది. అటకలో పోయే గొట్టానికి పైన ఇన్సులేషన్ దుప్పటి చుట్టించాలి. వంటింటికి పూర్తి లోహపు డాంపరే కావాలి, గుడ్డతోనో ప్లాస్టిక్‌తోనో చేసినవి స్నానాలగదికి సరి. తీసి కడగడానికి చెయ్యి అందాలి. మనం వండే వంటకు ఇది తప్పదు.

శంక: ఇల్లంతా బిగించి, స్ప్రింగు గట్టిది వేస్తే చలి పీడ శాశ్వతంగా విరగడవుతుంది కదా?

సమాధానం: ఇక్కడే జాగ్రత్త. మనవాళ్లు తాలింపు ఘాటుకు భయపడి నిమిషానికి 900 ఘనపు అడుగులు లాగే హుడ్ కొంటారు. 400 దాటితే, ఇంట్లో మండే గ్యాసు పరికరాలున్నచోట, బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు వేరే ఉండాలని అదే నియమావళి చెబుతుంది. కారణం ఉంది. అంత గాలిని లాగే ఫ్యానుకు గాలి దొరక్కపోతే బేస్‌మెంటులోని నీళ్ల హీటరు పొగగొట్టంలోంచి లాగుతుంది. పైకి పోవాల్సిన కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి తిరుగుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. కనుక పెద్ద హుడ్ వేసేటప్పుడు కిటికీ కాస్త తెరవండి, మోనాక్సైడ్ అలారం పెట్టించండి. ఈ మాట పద్యంలో లేదు, వ్యాఖ్యాతదే.

పాఠాంతరం: “లేచు” అన్నచోట “దిగెడు” అని కొన్ని ప్రతుల్లో ఉంది. గణభంగం లేదు. వంటింటి నడుమ గట్టులో అమర్చిన పొయ్యిలు కొన్నింటికి పొగ పైకి లేవదు, పక్కనున్న చీలికలోంచి కిందికి దిగి, నేల అడుగున పోయి, బయట గోడ మొదట్లో తేలుతుంది. ఆ ఇళ్లలో చలి మెడకు కాక పొట్టకు తగులుతుంది. గోడ మొదట్లోని మూతి మంచులో కూరుకుపోతే పొగ కూడా పోదు. పాఠం గ్రాహ్యమే.

అలంకారం విషమం. ఇష్టం కోరి చేసిన యత్నం అనిష్టాన్ని కలిగించడం కువలయానందం చెప్పిన విషమభేదాల్లో ఒకటి. జలుబుకు మందు మిరియాల చారు. ఆ మందు కాచేచోటే రోగం పుట్టిస్తున్నాడు కవి. పైగా నాలుగో పాదంలో చారు “చా”కూ జలుబు “జ”కూ యతి కుదిరింది. ఆటవెలది ఎంచుకున్నందుకు ఫలితమిది. అయితే జలుబు వైరస్ వల్ల కదా వచ్చేది, చలిగాలి వల్ల కాదు కదా అని వైద్యవిద్యార్థులు అడుగుతారు. నిజమే. చకోరాలు వెన్నెల తాగడం లాగే ఇదొక కవిసమయం.

ఫలశ్రుతి మూలంలో లేదు. అందుకు బదులు పాఠకులకు ఒక మనవి. అక్టోబరులో, తొలి మంచు పడకముందే, బయట గోడ దగ్గరికి వెళ్లి మూతిమీది రెక్కను వేలితో ఎత్తి వదలండి. టక్కున పడితే సరే. పడకపోతే వేడినీళ్లు, గిన్నెల సబ్బు, పాత పళ్లబ్రష్షు చాలు. గొట్టం మూతి పైకప్పు మీదుంటే మాత్రం మీరు ఎక్కకండి, పనివాణ్ణి పిలవండి.