తోటపని పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

తోట పనికి వచ్చు తొందర పడువాడ
పార పట్టుటకును పాఠ మేల?
మట్టి తెలియువాని మార్కుల పత్రమ్ము
అడుగువారి చేతి కంట దేమి?

అవతారిక

ఈ ఆటవెలదికి కర్త ఎవరో తేలలేదు. తెనాలివాడని తెనాలివారు, బాపట్లవాడని బాపట్లవారు. రేపల్లెవారు మాత్రం కాలవలో నీళ్లున్నప్పుడు పద్యాలేమిటని ఆ తగవులోకి రారు. ఒక వెంచరులో పార్కు వేయబోతున్న కాంట్రాక్టరు ‘పనొచ్చా?’ అనకుండా ‘సర్టిఫికెట్ ఉందా?’ అనగా పుట్టిన పద్యమని సంప్రదాయం.

టీక

తోట పనికి = లాన్ పరచడం, డ్రిప్పు బిగించడం, ఎండిన మొక్క చోట యజమాని చూడకముందే మరొకటి నాటడం మొదలైనవాటికి; వచ్చు = కూలికి వచ్చునట్టి; తొందర పడువాడ = ఓయి తొందరపాటుగాడా; పార పట్టుటకును = పలుగు, కత్తెర, గడ్డి కోసే మిషను కూడా ఇక్కడే గ్రహించునది; పాఠము + ఏల = క్లాసు ఎందుకు; మట్టి తెలియువాని = పిడికిట నలిపి ఎంత నీరు తాగునో చెప్పగలవానిని; మార్కుల పత్రమ్ము = లామినేషన్ చేయించిన కాగితమును; అడుగువారి చేతికి = ఆఫీసు గదిలోనివారి చేతికి; అంటదు + ఏమి = అంటకపోవుట ఏమి వింత!

తాత్పర్యం

పని వచ్చినవాణ్ణి కాగితం అడిగేవారికి పని రాదని భావం.

విశేషాలు

అంటనిది ఏది? మట్టి అని ప్రాచీనులు. శిక్షణ ముగిసినా ఎంతకీ చేతికి రాని సర్టిఫికెట్టే అని నవీనులు. రెండూ సమంజసమే.

చివరి రెండు పాదాల్లో కవి గట్టివాడు. ఆయన అడిగినదాన్ని సర్కారు ఆలస్యంగానైనా ఒప్పుకుంది. 2013లో జాతీయ నైపుణ్య అర్హతల చట్రం వచ్చింది, 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదలైంది. బడికి పోకుండా చేతితో నేర్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఆ పథకంలో ఉంది. వ్యవసాయ నైపుణ్య మండలి జాబితాలో తోటమాలి కూడా ఒక కొలువే. బడిలోనే నేర్చుకుంటానన్నవారికి ఐటీఐ కోర్సుల్లో పూలసాగు, ల్యాండ్‌స్కేపింగ్ ఉండనే ఉంది.

రెండో పాదంలో మాత్రం కవి పప్పులో కాలేశాడు. పార పట్టడానికి పాఠం అక్కర్లేదు, నిజమే. పార దిగే నేల ఊరూరికీ మారుతుందే! తెనాలి కాలవగట్టున ఇరవయ్యేళ్లు తోటలు పెంచిన మేస్త్రీని తీసుకెళ్లి బాపట్ల నుంచి సూర్యలంక బీచికి పోయే దారిలో ఒక రిసార్టుకు లాన్ వేయమనండి. ఆ ఇసుకలో పోసిన నీళ్లు పోసినట్టే దిగిపోతాయి, వేసిన ఎరువు కూడా వాటి వెంటే పోతుంది. అక్కడ పశువుల ఎరువో కొబ్బరిపొట్టో దండిగా కలిపి, కొద్దికొద్దిగా, పదేపదే తడపాలి. ఆ పాఠం నేర్చుకుని అదే చేత్తో రేపల్లె నల్లరేగడిలో తడిపాడా, నీరు నిలిచి గడ్డి వేరు కుళ్లుతుంది. అక్కడ ముందు వాలు చూసి మురుగుకాలవ తీయాలి, గడ్డి ఆ తరవాత. తీరం దగ్గరయ్యేకొద్దీ ఉప్పునీటి బాధ వేరే. లాన్ పసుపెక్కితే మేస్త్రీ ఎరువంటాడు, యజమాని పురుగంటాడు, కాంట్రాక్టరు కడియం నర్సరీల నుంచి మళ్లీ లారీ తెప్పిస్తాడు. నేలను పరీక్ష చేయించాలని మాత్రం ఎవరికీ తోచదు. అనుభవం గొప్పదే కాని అది పుట్టిన నేల దాటితే దానికి చదువు కావాలి.

శంక: ఆ చదువు దూరాభారం కాదా?

సమాధానం: కాదు. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది. పట్టభద్రులు ఎక్కడెక్కడికో పోతారు. పక్క వీధి తోటమాలి ఆ గేటు ముందునుంచి రోజూ సైకిలు తొక్కుతూ పోతాడు. ఇదొక్కటి ఈ వ్యాఖ్యాతకు మింగుడు పడదు.

పాఠాంతరం

నాలుగో పాదానికి వ్యాఖ్యాత సవరణ ఒకటి: తోటమాలి పరీక్షను గదిలో కాక బాపట్ల ఇసుకలో ఒక మడి, రేపల్లె రేగడిలో ఒక మడి వేయించి పెట్టవలెను. మొదటి పార పరీక్షాధికారి వేయవలెను. ఆయన టీఏ, డీఏల విషయం పద్యానికి బాహ్యం కనుక ఇక్కడ చర్చించలేదు.