పసుపు అంటని వంటిల్లు

హైదరాబాద్‌లో నిజాంపేట రోడ్డు మీద ఏ ఇంటీరియర్ షోరూమ్ మెట్లెక్కినా మొదటి అయిదు నిమిషాల్లోనే వినపడే మాట ఒకటుంది: "గ్రే తీసుకోండి మేడమ్, న్యూట్రల్ కలర్, దేంతోనైనా సెట్ అయిపోతుంది." అడ్వాన్సు కట్టేశాక ఆ దంపతులు నెలల తరబడి చేసే పని, దేంతోనైనా సెట్ అయిపోయే ఆ రంగుకి అసలు ఏది సెట్ అవుతుందో వెతుక్కోవడం. కౌంటర్‌కి తెల్ల క్వార్ట్‌జా, నల్ల గ్రానైటా? డాడోకి సబ్‌వే టైలా, మార్బుల్ డిజైనా? హ్యాండిల్ రోజ్ గోల్డా, మ్యాట్ బ్లాకా, లేక హ్యాండిలే లేకుండా గోలా ప్రొఫైలా? ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అత్తగారు, ఆడపడుచు, డాలస్‌లో ఉన్న తమ్ముడు తలా ఒక ఓటు వేస్తారు. అత్తగారి ఓటు చెల్లదు. ఆవిడ "తెల్ల బండ మీద పసుపు పడితే?" అని అడిగారు కాబట్టి.

ఆ ప్రశ్న అడగాల్సిన ఊరే ఇది. 2019లో బాచుపల్లిని, ప్రగతినగర్‌ని కలుపుకొని మునిసిపల్ కార్పొరేషన్ అయిన నిజాంపేటలో ఉన్నది ఎవరు? హైటెక్ సిటీలో ఉద్యోగం, ఇక్కడ ఈఎంఐ. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి ఆవకాయ జాడీని బస్సులో ఒళ్లో పెట్టుకొని తెచ్చుకునే జనం. పోపులో ఎండుమిర్చి మాడి పక్కింట్లో తుమ్ములు వస్తేగానీ కూర అయిందనుకోని జనం. వీళ్లంతా ఒక్కసారిగా, ఒకళ్లను చూసి ఒకళ్లు, ఏమీ వండని దేశం నుంచి వచ్చినట్టున్న రంగుకి జీవితకాలపు అప్పు పెడుతున్నారు.

పాంటోన్ అనే అమెరికా రంగుల సంస్థ ఏటా ఆ ఏటి రంగుని ప్రకటిస్తుంటుంది. 2021కి రెండు రంగుల్ని జంటగా ప్రకటించింది. ఒకటి అల్టిమేట్ గ్రే. రెండోది ఇల్యూమినేటింగ్ అనే పేరుగల పసుపు. ఆ రెండోదాన్ని కొనడానికి మనవాళ్లు షోరూమ్‌కి వెళ్లనక్కర్లేదు. నిజామాబాద్ నుంచి, దుగ్గిరాల నుంచి కిలోల లెక్కన అది ఇంటికి వస్తూనే ఉంది, పప్పు తిరగబోసిన రోజు కౌంటర్ మీద తనంతట తానే పరుచుకుంటూనే ఉంది. కంగారుపడి సబ్బునీళ్లతో తుడుస్తారు. పసుపులోని కుర్కుమిన్‌కి క్షారం తగిలితే ఎర్రబడే గుణముంది. పసుపూ సున్నమూ కలిపి దిష్టినీళ్లు చేసేది ఆ గుణంతోనే. కాబట్టి సబ్బు తగలగానే మరక పసుపు నుంచి ఎరుపుకి తిరుగుతుంది. కొత్తింటికి దిష్టి తీసే ఖర్చు ఆ విధంగా కలిసొస్తుంది.

ఎండ తగిలితే పసుపు మరక మెల్లగా వెలిసిపోతుంది. తువ్వాలైతే తీసుకెళ్లి డాబా మీద ఆరేస్తాం. క్వార్ట్‌జ్ బండని ఎక్కడ ఆరేస్తాం? మన వంటింటి కిటికీ చూసేది పక్కింటివాళ్ల యుటిలిటీలోకి. ఆ రెండింటి మధ్యా సూర్యుడు దిగేంత చోటు బిల్డరు వదల్లేదు. అందుకే షోరూమ్‌లో 3000 కెల్విన్ వెచ్చటి లైటు కింద ముచ్చటగా కనపడిన కాష్మీర్ గ్రే, ఇంట్లో 6500 కెల్విన్ ట్యూబులైటు కిందికి రాగానే నీలం తిరిగి మన నాన్నగారి ఇనప బీరువా అయిపోతుంది. ఆ బీరువానే పాతకాలపుదని మొన్న పాతసామాన్లవాడికి తూకానికేసి వచ్చారు. లామినేట్ ముక్కని చేతిలో పట్టుకొచ్చి మన ఇంట్లో, మన లైటు కింద, సాయంత్రంపూట చూడండని డిజైనర్లు చెప్పరు. చెబితే సగం ఆర్డర్లు పోతాయి.

వాస్తు మాట ఎత్తకపోతే అన్యాయం. వంటగది ఆగ్నేయంలోనే ఉండాలి, వండేవాళ్లు తూర్పుకే తిరిగి నిలబడాలి. స్టవ్వు ఒక అడుగు అటు జరిగితే ఫ్లాటే వద్దనుకునే పెద్దమనిషి, రంగు దగ్గరికి వచ్చేసరికి అగ్నిదేవుణ్ణి బయట కూర్చోబెట్టి పింటరెస్ట్‌ని లోపలికి పిలుస్తాడు. ఇక గృహప్రవేశం. పాలు పొంగించాలి, కానీ హాబ్ గ్లాసు మీద పొంగకూడదు. అందుకని ఎవరింటినుంచో సింగిల్ బర్నర్ స్టవ్వు ఎరువు తెచ్చి, దాన్ని పీట మీద పెట్టి, కొత్త కిచెన్‌కి ఆమడ దూరంలో శాస్త్రం కానిస్తారు. గడపకి పసుపు రాయవచ్చు, అది టేకు కాబట్టి. క్యాబినెట్ తలుపుకి మాత్రం "మ్యాట్ ఫినిష్ సార్, గ్యారంటీ ఇవ్వలేను" అని కార్పెంటర్ చేతులెత్తేస్తాడు. పంతులుగారు ఆలోచించి స్టిక్కర్ బొట్టుకి ఒప్పుకుంటారు. లక్ష్మీదేవి సర్దుకుపోతుంది, ఆవిడకి అలవాటే.

"గ్రే అయితే మురికి కనపడదు" అనేది రెండో వాగ్దానం. మురికి అంటే ఏ మురికో ముందు తేల్చుకోవాలి. ముదురు మ్యాట్ తలుపు మీద నూనె చేతి వేళ్లు, పోలీసులకి పనికొచ్చేంత స్పష్టంగా పడతాయి. నల్ల క్వార్ట్‌జ్ సింకులో ట్యాంకర్ నీళ్లు ఆరాక ఉప్పు చారలు తెల్లగా తేలతాయి. ఇక్కడి బోరునీళ్లు ఎంత గట్టివో గీజర్ విప్పినవాళ్లకి తెలుసు. గ్రే నిజంగా దాచేది ఒక్కటే: పక్క ప్లాటులో సెల్లార్ కోసం బండ కొడుతుంటే లేచి, మెష్ డోర్ సందుల్లోంచి వచ్చి కూర్చునే దుమ్ము. నిజాంపేటకి నప్పే రంగని షోరూమ్‌వాళ్లు ఈ అర్థంలో అంటే ఒప్పుకుంటాను. మా అమ్మమ్మ వంటింటి పైకప్పు కూడా మ్యాట్ ఫినిష్ ఆంథ్రసైటే. కట్టెలపొయ్యి పైసా తీసుకోకుండా వేసిపెట్టింది.

నాకు అసలు నవ్వు, ఆ వెనకే కోపమూ తెప్పించేది వేరే సంగతి. హైదరాబాద్ కూర్చున్నదే గ్రే మీద. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేటల కింద ఉన్న గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గాలీ వానా చెక్కి, ఎవరో పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన ఆ బండల్ని కాపాడుకుందామని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంఘం పెట్టుకున్నారు కొందరు. వాళ్లకి చిక్కినవి కొన్ని మిగిలాయి. తక్కినవాటిని పేల్చి, క్రషర్‌లో పోసి, కాంక్రీటులో కలిపి, ముప్పై అంతస్తులు లేపి, ఆ పైన వంటగదిలో రెసిన్‌లో ముంచి నొక్కిన కాగితాన్ని చదరపు అడుగు లెక్కన అంటించుకొని దానికి 'స్టోన్ గ్రే' అని పేరు పెట్టుకున్నాం.

రాయికి కరువొచ్చి చేస్తున్నామా అంటే అదీ కాదు. తాండూరులో బూడిద రంగు నాపరాయి పరకలు పరకలుగా ఊడివస్తుంది. మన తాతల ఇళ్ల నిండా అదే, తిరిగిన కొద్దీ నున్నబడింది. కడప బండ వంటింటి గట్టుకీ అరలకీ తరతరాలు చాకిరీ చేసింది. ఇప్పుడు దాన్ని యుటిలిటీలోకి తోసేశారు, వాషింగ్ మెషీన్ పక్కన. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో నలుపు మీద బంగారు చుక్కలున్న గెలాక్సీ గ్రానైటు తవ్వి ప్రపంచమంతటికీ ఓడలకెక్కిస్తున్నారు. ఎక్కడో టెక్సాస్‌లో ఎవరో దొరగారు దాని మీద శాండ్‌విచ్ కోసుకొని మురిసిపోతుంటారు. నిజాంపేటలో అదే రాయి పేరెత్తితే డిజైనర్ కుర్రాడు జాలిగా చూస్తాడు: "బ్లాక్ గ్రానైట్ ఓల్డ్ మోడల్ మేడమ్."

కొత్త మోడల్ సంగతి చూద్దాం. క్వార్ట్‌జ్ కౌంటర్ అంటే నూటికి తొంభై పాళ్ల దాకా క్వార్ట్‌జ్ పొడి, మిగతాది రెసిన్, రంగు. పొయ్యి మీంచి దించిన ఇనప మూకుడు నేరుగా పెడితే రెసిన్ మాడి గుండ్రంగా ముద్ర పడుతుంది. పడిందా, ఇక పోదు. అది మన బండకి వచ్చే కష్టం. దాన్ని కోసే మనిషికి వచ్చేది అంతకన్నా పెద్దది. ఆ పలకని కోసినప్పుడు లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. సిలికోసిస్ బారినపడ్డ రాతిపనివాళ్లని చూసి ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఈ రకం కృత్రిమ రాయిని దేశం మొత్తం మీద నిషేధించింది. ఇక్కడ లిఫ్టు ముందు కారిడార్‌లో, ముక్కుకి చేతిరుమాలు కట్టుకున్న కుర్రాడు చేతి గ్రైండర్‌తో పొడిగా కోస్తుంటాడు. ఇంటివాళ్లు "తొందరగా కానివ్వు బాబూ, దుమ్మొస్తోంది" అని తలుపేసుకుంటారు. ఆ దుమ్ము ఏ గ్రేతో మ్యాచ్ అవుతుందో ఏ కేటలాగులోనూ వేయలేదు. గ్రానైటులో సిలికా లేదని కాదు, ఉంది, ఇంతకన్నా బాగా తక్కువ. తడిపి కోయించడానికి ఒక బకెట్ నీళ్లూ, ఒక మంచి మాస్కూ కనీసం ఉండాలి. రోజ్ గోల్డ్ హ్యాండిల్ ఒకటి మానేస్తే వస్తాయి రెండూ.

ఈ మాడ్యులర్ వంటిళ్లకి మూలపురుషుడు జర్మనీలో ఉండేది. అంటే ఆడమనిషే లెండి. 1926లో మార్గరెటె ష్యుటె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్టు ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్మికుల ఇళ్ల కోసం చిన్న వంటగది గీసింది. వండేవాళ్లు ఎన్ని అడుగులు వేస్తున్నారో, ఏ పనికి ఎంతసేపు పడుతోందో కొలిచి మరీ గీసింది. రంగు నీలం-ఆకుపచ్చల మధ్య వేయించింది, నీలం మీద ఈగలు వాలవని అప్పట్లో అనుకునేవారు కాబట్టి. నిజమో కాదో, కనీసం ఒక కారణం ఉంది. నిజాంపేట గ్రేకి కారణం అడగండి: బ్లాక్ బిలో 904 వాళ్లు వేయించారు.

నన్నడిగితే (ఎవరూ అడగలేదు) గ్రే ఉంచుకోండి, మానమనను. కాస్త మట్టి కలిసినట్టుండే గ్రే చూసుకోండి, నీలం తిరిగేది వద్దు. గట్టుకి నల్ల గ్రానైటు. డాడోకి పసుపు రంగు టైల్సే వేయించండి, ఎలాగూ అయ్యే రంగే కదా. టైల్స్ సందుల్లో సిమెంటు గ్రౌట్ బదులు ఎపాక్సీ పెట్టించండి, పోపునూనె పీల్చుకోదు. హ్యాండిల్స్ స్టీలువి, పిండి చేత్తో పట్టుకొని లాగగలిగేంత పెద్దవి.

కానీ ఎవరూ వినరని తెలుసు, ఎందుకంటే గ్రే క్యాబినెట్లకి అన్నిటికన్నా బాగా నప్పే జత ఈపాటికే దొరికేసింది. సందు చివర కర్రీ పాయింట్. గుత్తి వంకాయ ముప్పావు కిలో ప్యాకెట్, సాంబారు ప్యాకెట్, పక్కనే స్వగృహ ఫుడ్స్‌లో ఆవకాయ సీసా. గట్టు మీద చుక్క పడదు, చిమ్నీ మోగదు, అయిదేళ్లయినా తలుపులు కొత్తగానే ఉంటాయి, అమ్మేసేటప్పుడు ఫొటోలో అదిరిపోతుంది. ఇంకా వండాలనే పట్టుదల మిగిలున్నవాళ్లు మాత్రం త్రీడీ డ్రాయింగు మీద సంతకం పెట్టేముందు దాన్ని ఒకసారి తేరిపార చూడండి. గిన్నెలో పచ్చ యాపిల్స్ ఉంటాయి, గాజుసీసాలో ఒక ఆకు ఉంటుంది, పక్కన ఎవరూ తాగని కాఫీ కప్పు ఉంటుంది. పాతిక కిలోల బియ్యం బస్తా, నూనె డబ్బా, వెట్ గ్రైండర్ ఎక్కడ పెట్టాడో చూపించమనండి. అవి గీసుకొచ్చిన రోజున రంగు గురించి మాట్లాడదామని చెప్పండి.