ఒక్క ప్రశ్నా వేయని ఎంపీ

పార్లమెంటు జరిగే రోజుల్లో హిందూపురం ఎంపీకి వారం రెండు ముక్కలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఢిల్లీ, శని ఆదివారాలు నియోజకవర్గం. రోజూ ప్రయాణికుల విమానాలు దిగే దగ్గరి విమానాశ్రయం పక్క రాష్ట్రంలో, దేవనహళ్ళిలో ఉంది. అక్కడ దిగి కారెక్కి హిందూపురం చేరేసరికి ఇంటి ముందు జనం నిలబడి ఉంటారు. ఒకరికి కమ్యూనిటీ హాలు కావాలి, ఒకరికి బోరు, ఒకరికి కూతురి బదిలీ, ఇంకొకరికి తమ ఊళ్ళో రైలు ఆగాలి. ఆ కాగితాలన్నీ తీసుకుని పెనుకొండ, అక్కణ్ణుంచి ధర్మవరం. ప్రతిచోటా మళ్ళీ కాగితాలే.

ఎంపీ నిధులని మనం గట్టిగా చెప్పుకుంటాం గానీ లెక్క వేసి చూస్తే అవి ఎంతో కావు. 1993 డిసెంబరులో మొదలైన ఆ పథకం కింద ఇప్పుడు ఏడాదికి 5 కోట్లు. హిందూపురం లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయి: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, పుట్టపర్తి, కదిరి, మడకశిర, రాప్తాడు. సమంగా పంచితే ఒక్కోదానికి 71 లక్షలు. మొత్తం నిధిలో 15 శాతం దళితులు ఉండే చోట్ల, ఏడున్నర శాతం గిరిజనులు ఉండే చోట్ల ఖర్చు పెట్టాలి. పైగా ఎంపీ సిఫారసు మాత్రమే చేయగలడు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం.

అందుకే నా దృష్టిలో ఎంపీ అసలు పని ఆ ఐదు రోజుల్లోనే ఉంది. కమ్యూనిటీ హాలు ఎమ్మెల్యే కట్టించగలడు, మునిసిపాలిటీ కట్టించగలదు. చైనా పట్టు మీద దిగుమతి సుంకం ఎంత ఉండాలో తేల్చేది మాత్రం ఢిల్లీయే. ఆ సుంకం తగ్గిందంటే హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ళ ధర పడుతుంది, పెంచితే ధర్మవరంలో మగ్గం మీద కూర్చున్నవాడికి ముడిపట్టు భారమవుతుంది. ఒకే నియోజకవర్గంలో పట్టుపురుగు పెంచే రైతూ ఉన్నాడు, పట్టు కొని నేసే మనిషీ ఉన్నాడు. ఈ ఇద్దరి బాధా ఒకే నోటితో చెప్పాల్సిన వాడు ఎంపీ. నీళ్ళ సంగతీ అంతే. శ్రీశైలం వెనుక జలాల నుంచి హంద్రీ-నీవా కాలువలో ఎత్తిపోతల మీద ఎత్తిపోతలు దాటి గొల్లపల్లి రిజర్వాయరుకు కృష్ణ నీళ్ళొస్తాయి. ఎర్రమంచి దగ్గర 2017లో ఒప్పందం కుదిరి 2019లో కార్లు బయటికి తెచ్చిన కియా ఫ్యాక్టరీకి దన్ను ఆ నీళ్ళే. కుళాయి మన వీధిలో ఉంటుంది, కృష్ణలో వాటా తేలేది మాత్రం ఢిల్లీ వేసే ట్రైబ్యునల్ ముందు.

వీటి మీద మాట్లాడటానికి సభలో దారులున్నాయి. పొద్దున 11 గంటలకు ప్రశ్నల గంట. నోటీసు పదిహేను రోజుల ముందే ఇవ్వాలి. లాటరీలో పేరొస్తే ఆ రోజుకి తీసుకునే 20 నక్షత్ర ప్రశ్నల్లో చోటు దొరుకుతుంది, మంత్రి లేచి నిలబడి జవాబు చెప్తాడు. లేదంటే 230 రాతపూర్వక ప్రశ్నల్లో ఒకటిగా వెళ్తుంది. ఆ తర్వాత శూన్యగంట ఉంది, 377 నిబంధన ఉంది, శుక్రవారం చివర్లో సొంత బిల్లుకు రెండున్నర గంటలున్నాయి. ప్రశ్నకు జవాబొచ్చిందంటే అది అచ్చులో ఉంటుంది. రేపు మంత్రి మారినా మాట మారదు.

ఈ విషయం మీదే ఆ మధ్య రైల్లో ఒక మంచి వాదన విన్నాను.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. గుంతకల్లు నుంచి బెంగళూరు పోయే పాత మీటరు గేజీ లైను అది, తర్వాత బ్రాడ్ గేజీ అయింది. ధర్మవరంలో నా ఎదుటి సీట్లో ఒక నేతగాడు కూర్చున్నాడు. చీరల మూట బెంగళూరు అంగళ్ళకు తీసుకుపోతున్నాడు. కిటికీ పక్కన తెల్ల పంచెలో ఒక పెద్దాయన ఉన్నాడు. ధర్మవరంలో పుట్టి, పెనుకొండలో హెడ్మాస్టరుగా రిటైరై, ఇప్పుడు హిందూపురంలో కొడుకు దగ్గర ఉంటున్నాడట. నేతగాడు ఆయన్ను ‘అయ్యవారూ’ అంటున్నాడు, చిన్నప్పుడు ఆయన దగ్గరే చదువుకున్నాడట.

నేను అడగ్గానే నేతగాడు ఒక చీర తీసి, మడత విప్పి, తిరగేసి చూపించాడు. అంచు పక్కనే సన్నటి చిల్లులు వరసగా ఉన్నాయి. నేసేటప్పుడు బట్ట ముడుచుకోకుండా అడ్డంగా పెట్టే బద్ద సూదులు దిగిన గుర్తులవి. ఆ చిల్లుల మీద బొటనవేలు నిదానంగా జరిపాడు.

"మనిషి చేత్తో నేసినాడని సాక్ష్యం ఇదే సార్. మరమగ్గం మీద ఇట్లా చీరనే దించేసి, చేనేతని చెప్పి సగం ధరకు అమ్ముతాండారు. చట్టం లేక కాదు. 1985లోనే చేసినారు. 22 రకాలు చేనేతకే అన్నారు, తర్వాత 11కి దించినారు. ఆ 11లో చీర ఉంది. ఉండి ఏం లాభం? అడిగేవాడు ఉండల్ల గదా!"

పెనుకొండలో ఒక కుర్రాడు ఎక్కాడు. కార్ల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి హిందూపురం ఇంటికి పోతున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అయినా మాట వినగానే కూర్చున్నాడు. ఫోన్ తీసి చూపించాడు. ఏ ఎంపీ ఎన్ని ప్రశ్నలు వేశాడు, ఎన్ని చర్చల్లో మాట్లాడాడు, ఎంత హాజరు, అన్నీ అందులో ఉన్నాయి.

"నేను ఓటేసే ముందు ఇదే చూస్తా సార్. వంద ప్రశ్నలు కూడా వెయ్యనోడు ఎందుకు? జీతం మనదే గదా."

కుర్రవాళ్ళు ఇలా లెక్కలు అడగడం చూస్తే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మా చిన్నతనంలో ఎంపీ అంటే ఎన్నికల జీపులో కనిపించే దండ మాత్రమే.

పెద్దాయన అప్పటిదాకా బయటికే చూస్తున్నాడు. పెనుకొండ కొండ వెనక్కి పోతోంది. "ఈ ఊరి పేరు మీదనే ఒకప్పుడు లోక్‌సభ సీటు ఉండె, తెలుసా?" అన్నాడు. "1952లో కె.ఎస్. రాఘవాచారి గెలిచినాడు, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ. ప్రతిపక్షం మనిషి. అడగడమే ఆయన పని." కాసేపాగి కుర్రాడి వైపు తిరిగాడు. "నీకొక లెక్క ఇస్తా నాయనా. నీ ఫోన్లో ఉండదు. ఒక ఎంపీ ఉన్నాడు. రెండేళ్ళ నాలుగు నెలలు సభలోనే ఉన్నాడు. ఆ రెండేళ్ళ నాలుగు నెలల్లో మంత్రుల్ని ఒక్క ప్రశ్న అడగలేదు. బడ్జెట్ మీద మాట్లాడలేదు. బిల్లు పెట్టలేదు. ఆయనకి నువ్వైతే ఎన్ని మార్కులు వేస్తావు?"

"సున్నా," అన్నాడు కుర్రాడు వెంటనే.

"ఓటింగు జరిగితే చెయ్యి కూడా ఎత్తలేదు."

"అట్లాంటోన్ని పార్టీ ఊరికే వదిలిందా సార్?"

"ఏ పార్టీ గుర్తు మీద గెలిచినాడో, గెలిచిన నెల తిరక్కముందే ఆ పార్టీకి రాజీనామా ఇచ్చినాడు."

నేతగాడు మూట మీద చెయ్యి వేసి ముందుకు వంగాడు. "ఏ పార్టీలోకి దూకినాడు?"

"ఏ పార్టీలోకీ పోలేదు."

"ఓటేసినోళ్ళు ఏం చేసినారు అయ్యవారూ? ఊళ్ళోకి రానిచ్చినారా?"

"ఓటేసినోడు ఒకడు నీ ముందరే కూర్చున్నాడు. నా మొదటి ఓటు అది. అప్పుడు ఇరవైయొకటి నిండితేనే ఓటు."

పెద్దాయన వివరంగా చెప్పుకొచ్చాడు. తండ్రిది ధర్మవరంలో మగ్గమే. రేషం ధర పెరిగి, అప్పు తెచ్చి పడుగు వేసే రోజులు. ఇంత పెద్ద నాయకుణ్ణి గెలిపించి పంపాం, ఇక పార్లమెంటులో మన మాట వినపడుతుందని వీధి వీధంతా నమ్మకం. సభ జరిగినన్నాళ్ళూ తండ్రి పొద్దున్నే టీ అంగడికి పోయి, కొడుకు చేత పేపరు పైకి చదివించుకునేవాడు. బొంబాయివాళ్ళు మిల్లుల గురించి అడిగేవాళ్ళు, బెంగాల్ వాళ్ళు జనుము గురించి అడిగేవాళ్ళు. "మనోడు ఏమడిగినాడో చూడరా," అనేవాడు తండ్రి. వెతికితే ఏమీ ఉండేది కాదు.

"మరి ఆయన సభకు పోయేవాడు కాదా?" అన్నాన్నేను.

"పోకుండా ఎట్లా? పేపర్లో రోజూ పేరుండేది. మా నాయనకి అదే అర్థమయ్యేది కాదు. పేరుంది, ప్రశ్న లేదు. రోజూ పోతాడు, రేషం మాట ఎత్తడు. పోయేదాకా ఆయనకి ఆ బాధ తీరలేదు."

కుర్రాడికి కోపమొచ్చింది. రాత్రంతా నిలబడి పనిచేసిన మనిషి, గొంతు పెద్దదైంది. "మళ్ళీ నిలబడింటే డిపాజిట్ దక్కకూడదు సార్ అట్లాంటోనికి! ఎవుడాయన? పేరు చెప్పండి."

రైలు హిందూపురం దగ్గరికొచ్చింది. జనం సంచులు దించుకుంటున్నారు. పెద్దాయన చేతికర్ర అందుకుని నిదానంగా లేచాడు.

"ఇల్లూరులో పుట్టినాడు. మన జిల్లానే అప్పుడు. ఆంధ్రప్రదేశ్‌కి మొదటి ముఖ్యమంత్రి. 1967లో మనం హిందూపురం నుంచి గెలిపించి పంపినాం. ఆయన లోపలికి అడుగు పెడితే ఇందిరాగాంధీతో సహా సభంతా లేచి నిలబడేది."

కుర్రాడి నోరు తెరుచుకునే ఉంది. "నీలం సంజీవరెడ్డా?"

"ఆయనే. మార్చి 17న స్పీకర్ అయినాడు. పోటీకి నిలబడింది మన తెన్నేటి విశ్వనాథం, విశాఖపట్నం ఎంపీ. 278, 207. ఇద్దరూ తెలుగోళ్ళే. ఎవరు గెలిచినా ఒక తెలుగు సీటు నోరు మూతపడేదే. స్పీకర్ ప్రశ్న అడగరాదు, చర్చలో దిగరాదు, రెండు పక్కలా ఓట్లు సమానమైతే తప్ప ఓటు వెయ్యరాదు. ఏ పక్షానికీ మొగ్గకూడదని పార్టీ కూడా వదిలేసినాడు. అది ఆయన గొప్పతనం. 1969 జులైలో రాష్ట్రపతి పోటీకని ఆ కుర్చీ దిగే దాకా అట్లే ఉన్నాడు. అప్పుడు ఓడిపోయినాడు, 1977లో అయినాడు. మీ బడి గోడ మీద ఫోటో చూసే ఉంటావు."

"స్పీకరే అయినప్పుడు మంత్రులకు ఒక మాట చెప్తే వినరా సార్?" అన్నాడు కుర్రాడు. గొంతులో ఇందాకటి కోపం లేదు.

"ఉత్తరం రాస్తే వింటారు, ఎందుకు వినరు? ఉత్తరం సంగతి రాసినోడికీ అందుకున్నోడికీ తెలుస్తుంది. ప్రశ్నకు జవాబైతే అచ్చులో పడుతుంది. మా నాయనకు నేను చదివి వినిపించుండొచ్చు."

రైలు ఆగింది. నేతగాడు దిగాల్సింది బెంగళూరులో, అయినా తలుపు దాకా వెంట వచ్చాడు.

"అయితే ఆ రెండేళ్ళూ మన రేషం మాట సభలో ఎవురెత్తాల్సింది అయ్యవారూ?"

పెద్దాయన కమ్మీ పట్టుకుని ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాడు.

"ప్రశ్నల గంటలో ఒక్కొక్క సభ్యుని పేరు పిలిచేది స్పీకరే నాయనా. మైసూరోళ్ళను పిలిచుంటాడు, కంచి పక్కోళ్ళను పిలిచుంటాడు, కాశోళ్ళను పిలిచుంటాడు. హిందూపురాన్ని లేచి అడగమని పిలిచేకి ఎవురున్నారు? ఆ కుర్చీలో కూర్చుని పిలుస్తాండేదే హిందూపురం గదా!"