వాటర్‌వర్క్స్ మావయ్యగారు

సియాటిల్‌లో ఉద్యోగం చేసే మా మిత్రుడు ఆ మధ్య 34 అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొన్నాడు. షిల్‌షోల్ బే మెరీనాలో దాని మకాం. గాలి గురించీ, తెరచాపల గురించీ, లంగరు గురించీ చదవాల్సినవన్నీ చదివాడు. మంచినీళ్ల టాంకు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు, వాడూ అడగలేదు.

చుట్టూ ఎటు చూసినా నీళ్లే, కానీ ప్యూజెట్ సౌండ్ ఉప్పునీరు. తాగడానికైనా, వంటకైనా, పళ్లు తోముకోవడానికైనా పడవలో బల్ల కింద ఉన్న 200 లీటర్ల ప్లాస్టిక్ టాంకే దిక్కు. చలికాలమంతా నిలవున్న నీళ్లు, ఎండలొచ్చాక కుళాయి తిప్పితే కుళ్లిన గుడ్డు వాసన కొట్టాయి.

సరిగ్గా అప్పుడే ఇండియా నుంచి వాడి అత్తమామలు దిగారు. మావయ్యగారు గోదావరి జిల్లాలో ఓ మున్సిపాలిటీ వాటర్‌వర్క్స్‌లో 32 ఏళ్లు చేసి రిటైరయ్యారు. అమెరికా వచ్చిన అత్తమామలకు పట్టుకునే జబ్బు ఏమీ తోచకపోవడం. ఆ వాసన ముక్కుకు తగలగానే ఆయన జబ్బు కుదిరిపోయింది.

“మూత తియ్యండి అల్లుడుగారూ” అన్నారు, చొక్కా చేతులు మడుస్తూ.

మావాడు మూత తీశాడు. నేను టార్చి పట్టుకున్నాను. లోపల గోడలకు పాకుడు, అడుగున గోధుమరంగు బురద. మావాడు బ్లీచ్ సీసా ఎత్తబోతే మావయ్యగారు చెయ్యి పట్టుకున్నారు. పాకుడు ఉండగా బ్లీచ్ పోస్తే, పైపొరను చంపడంలోనే దాని బలమంతా అయిపోతుందట. ముందు నీళ్లు తోడించారు, ఆ మూతలోంచి భుజం దాకా చెయ్యి పెట్టి రుద్దించారు, మురికిని గుడ్డతో ఎత్తించారు. ఇంజినీరింగ్ చదివి ఈ పని చేస్తున్నానా అన్నట్టు మావాడు నా వంక చూశాడు. నేను టార్చి వంక చూశాను.

తర్వాత లెక్క. సెంటు కలపని మామూలు బ్లీచ్, అయిదు శాతంది. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ రావాలంటే 200 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. కాగితం అక్కర్లేకుండా నోటితోనే చెప్పేశారు. కుళాయి దగ్గరున్న బొగ్గు ఫిల్టర్‌ను ముందే పీకించారు, అది క్లోరిన్‌ను తినేస్తుంది కనుక. ప్రతి కుళాయీ, చన్నీళ్లదీ వేణ్ణీళ్లదీ, క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పించి కట్టించారు. రాత్రంతా అలాగే ఉంచమన్నారు. “ఇది ప్లాస్టిక్ టాంకు కాబట్టి సరిపోయింది. స్టీలో, అల్యూమినియమో అయితే ఇంతసేపు ఉంచకూడదు, గుంటలు పడుతుంది” అని హెచ్చరిక కూడా.

మర్నాడు టాంకు రెండుసార్లు నింపి వదిలారు. గాలి గొట్టం మూతికి పురుగులు దూరకుండా సన్నటి జాలీ వేయించారు. తోటకు నీళ్లు పెట్టే ట్యూబు పారేయించి, తాగేనీటి కోసం అమ్మే తెల్ల ట్యూబు కొనిపించారు. డెక్కు మీద నీళ్ల మూతా, డీజిల్ మూతా పక్కపక్కనే, ఒకేలా ఉంటాయి. నీళ్లదాని పక్కన నీలం రంగు పూయించారు. నన్నడిగితే ఆ రెండు మూతలూ పక్కపక్కన పెట్టినవాడికి ఆ డీజిల్ నీళ్లే ఒక గ్లాసు పట్టివ్వాలి.

ఆఖరున పరీక్ష. మన దగ్గరైతే క్లోరోస్కోపులో ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసి పసుపు రంగు చూసేవారట. ఇక్కడ ఈతకొలనుల వాళ్లు వాడే కాగితపు పట్టీలతో సరిపెట్టుకున్నారు. పట్టీని వెలుగులో అటూ ఇటూ తిప్పి, “కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. మిగిలింది. ఇక ఇవి కళ్లు మూసుకుని తాగొచ్చు. మీ గరాజులో ఆ ప్లాస్టిక్ సీసాల దొంతరలేమిటి అల్లుడుగారూ, డబ్బు దండగ!” అని తీర్పు ఇచ్చారు. ఈ రెండు రోజులూ అత్తయ్యగారు శాలువా కప్పుకుని డెక్కు మీద కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ శనివారం అందరం బ్లేక్ దీవికి వెళ్లాం. ఒక్క సీసా కూడా ఎక్కించలేదు. పడవ కట్టేసి, పులిహోర విప్పుకున్నాక, మావాడు గర్వంగా స్టీలు గ్లాసు నిండా టాంకు నీళ్లు పట్టి, మొదటి గ్లాసు అత్తయ్యగారికి అందించాడు.

ఆవిడ పుచ్చుకోలేదు.

“బాటిల్ నీళ్లు తేలేదా బాబూ?”

మావాడి మొహం వాడిపోయింది. “అదేమిటత్తయ్యగారూ! మావయ్యగారు దగ్గరుండి శుద్ధి చేయించిన నీళ్లివి!”

“అందుకే బాబూ” అన్నారావిడ. “మా ఊరికంతా ఈయనే కదా శుద్ధి చేసి నీళ్లు వదిలింది. ఊళ్లోకి టిన్నులొచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో తాగింది టిన్ను నీళ్లే.”

మావయ్యగారు ఉన్నట్టుండి తెరచాప తాళ్లు పరీక్షించడం మొదలుపెట్టారు.

“ఆ టిన్ను కూడా డ్యూటీ దిగి వస్తూ వస్తూ, స్కూటర్ మీద ఈయనే తెచ్చేవారు.”